చిత్రిక అనే మాట, రంద అనే పనిముట్టు

పోయిన నెల ఒక ఆదివారం, నేను ఇప్పటిదాకా రాసిన పుస్తక సమీక్షలన్నీ ఒకే ఫైల్లో పెట్టుకుని ఒక్క మాట కోసం వెతికాను. మొత్తం 14 సమీక్షలు. వాటిలో "చిత్రిక పట్టడం" ఏదో ఒక రూపంలో 9 సార్లు దొరికింది. "వాక్యాన్ని ఇంకాస్త చిత్రిక పడితే బావుండేది" అని 4 చోట్ల. "పల్లె బతుకుని చిత్రిక పట్టిన కథలు" లాంటివి 5 చోట్ల. ఈ 9 సార్లు ఆ మాట రాసిన రోజుల్లో నేను చిత్రికని ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు.

ఇది నా ఒక్కడి అలవాటే అయితే ఇంత రాయక్కర్లేదు. ఆదివారం అనుబంధాల్లో, ముందుమాటల్లో, అట్ట వెనక రాతల్లో, ఆవిష్కరణ సభల వార్తల్లో చూడండి. మన సాహిత్య విమర్శలో ఇంతగా అరిగిన మాటలు తక్కువ. అందుకే ఈ వ్యాసం ఒక పుస్తకం గురించి కాదు. ఒక మాట గురించి, ఆ మాట పుట్టిన పనిముట్టు గురించి. ఆ మాట వాడి నేను చేసిన ఒక తప్పు గురించి కూడా.

*

ముందు మాట సంగతి. చిత్రిక అంటే వడ్రంగి చెక్కని నున్నగా చేసే పనిముట్టు. కొలిచిన మందానికి తేవడానికీ, పలక వంకర తీయడానికీ, అంచులు సరిచేయడానికీ అదే. తెలంగాణలో ఎక్కువగా రంద అంటారు. అది పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఇరాన్‌లో చెక్క గీసేదాన్నీ, వంటింట్లో కేరట్ తురిమేదాన్నీ కూడా రందే అనే అంటారు. టర్కీ వాళ్ళకి అదే రెండే. ఇస్తాంబుల్ నుంచి హైదరాబాద్ దాకా వడ్రంగుల నోళ్ళలో నానిన మాట, తెలుగు సమీక్షలోకి మాత్రం రాలేదు. "కథని రంద పట్టాడు" అని ఎవరైనా రాశారా? నేనైతే చూడలేదు. అచ్చులోకి వచ్చేది చిత్రికే.

మన సమీక్షల్లో చిత్రిక రెండు రకాలుగా బతుకుతోంది. ఒకటి, నున్నగా చేయడం: వాక్యాన్ని చిత్రిక పట్టడం. రెండోది, చూపించడం: జీవితాన్ని చిత్రిక పట్టడం. ఈ రెండోది ఎలా వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. "చిత్రించడం" మరీ మామూలు మాట అనిపించి, దాని పక్కనే కాస్త బరువుగా వినిపించే మాట ఒకటి ఉంటే దాన్ని పట్టుకున్నాం. పదిమందీ వాడితే అదే అర్థమైపోతుంది, భాష అలాగే నడుస్తుంది. కాబట్టి నాకు నిఘంటువు పేచీ ఏమీ లేదు.

నా పేచీ వేరే. ఈ రెండు వాడకాల్లోనూ ఒకటి కనపడకుండా పోతుంది: పొట్టు. చిత్రిక పట్టినప్పుడల్లా ఏదో ఒకటి లేచిపోయి కింద పడుతుంది. నున్నదనం మనకి కనిపిస్తుంది, పోయినదాన్ని ఊడ్చేస్తాం. "జీవితాన్ని చిత్రిక పట్టిన కథ" అంటే, మాటకి మాట అర్థం తీసుకుంటే, జీవితం మీద ఒక పొర లేపేసిన కథ. కొన్ని పుస్తకాల విషయంలో సమీక్షకుడు తనకి తెలియకుండానే నిజం చెప్తున్నాడేమో కూడా.

*

ఈ ఆలోచన నాకు పుస్తకాల వల్ల రాలేదు. రెండేళ్ళ కింద చెక్కపని నేర్చుకుందామని సరదా పుట్టింది. రోజంతా స్క్రీన్ ముందు కూర్చునేవాళ్ళకి ఇలాంటి సరదాలు వస్తుంటాయి, నవ్వుకోండి. జుమ్మెరాత్ బజార్లో పాత ఇనప సామాను కుప్పలో ఒక చిన్న చిత్రిక దొరికింది. ఏడంగుళాల పొడవు, ఒంటి చేత్తో పట్టుకునే సైజు, ముందువైపు బొటనవేలి కోసం చిన్న గుండ్రటి పిడి. పేరు అరిగిపోయింది. ఇంటికొచ్చి చూస్తే, అమెరికాలో స్టాన్లీ కంపెనీ 110 నంబరుతో దశాబ్దాల తరబడి అమ్మిన బ్లాక్ ప్లేన్‌కి దగ్గర చుట్టం.

చిత్రిక చాలా పాతది. క్రీ.శ. 79లో బూడిద కింద కూరుకుపోయిన పాంపేయీలో ఇనప అడుగున్న చిత్రికలు దొరికాయి. అప్పటికీ ఇప్పటికీ సూత్రం ఒకటే: పెట్టెలో బిగించిన ఉలి. ఉలి చేతిలో ఉంటే ఎంత లోతుకైనా దిగుతుంది. పెట్టెలో బిగిస్తే, పెట్టె అడుగు చెక్క మీద ఆనుకుని, అలుగుని ఇంతకంటే దిగనివ్వను అంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో లియొనార్డ్ బెయిలీ అనే అమెరికన్, చెక్క ఒళ్ళు తీసేసి పోత ఇనుముతో, అలుగుని పైకీ కిందకీ జరిపే మరతో, ఇప్పుడు మనం చూసే రూపం తెచ్చాడు. ఆయన 1867లో తీసుకున్న పేటెంట్లని 1869లో స్టాన్లీ వాళ్ళు కొనుక్కున్నారు. నాకు దొరికిన చౌక రకంలో ఆ మర కూడా లేదు. అలుగు ఎంత బయటికి రావాలో సుత్తితో తట్టి చూసుకోవాల్సిందే.

చిన్న చిత్రికలు పెద్ద పలకలు చదును చేయడానికి కావు. అలుగు పెద్దవాటిలో 45 డిగ్రీల్లో ఉంటే వీటిలో సుమారు 20 డిగ్రీల్లో, తలకిందులుగా, ఏటవాలు పైకి ఉండేలా పడుకుని ఉంటుంది. పలక చివర అడ్డంగా కోసిన చోట, మూలల దగ్గర, చేతికి తగిలే అంచుల మీద వీటి పని. వస్తువు దాదాపు పూర్తయ్యాక చేతిలోకి తీసుకునేవి.

ఇదంతా చదివి తెలుసుకున్నది. చెక్క మీద పెట్టి తోస్తే మాత్రం గర్రుమని ఆగిపోయింది. గట్టిగా తోస్తే చెక్క పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. నున్నగా ఉండాల్సిన చోట గుంటలు పడ్డాయి. వారం తిప్పలు పడి, దాన్ని సంచిలో వేసుకుని నారాయణఖేడ్ వెళ్ళాను. అక్కడ మా బంధువుల వీధిలో ఒక పెద్ద వడ్లాయన ఉన్నాడని మా అత్త చెప్పింది.

*

నారాయణఖేడ్‌ని అక్కడ ఉట్టి ఖేడ్ అంటారు. సంగారెడ్డి, జోగిపేట మీదుగా వెళ్తాం. 1956 దాకా బీదర్ జిల్లాలో తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో జిల్లా కర్ణాటక వైపు పోతే, ఈ తాలూకా తెలుగు వైపు వచ్చి మెదక్ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. ఊరి పేరులోని ఖేడ్, మరాఠీ ఊళ్ళ పేర్లలో వినిపించే మాట. సంతలో నిలబడితే ఒకే బేరంలో తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ దొర్లిపోతాయి. మాట్లాడేవాళ్ళకి అవి నాలుగు భాషలన్న స్పృహ కూడా ఉండదు.

వడ్లాయన నేనిచ్చిన చిత్రికని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏడ దొర్కింది సారూ గిది?"

"జుమ్మెరాత్ బజార్ల, కాకా."

"రంద మంచిదే. పట్టెటోనికే తెల్వది."

అలుగు తీసి సానరాయి మీద పదును పెట్టాడు. బిగించి, అడుగుని కంటికి ఎత్తి పట్టుకుని, అలుగు అంచు వెంట్రుక మందం కనిపించేదాకా చిన్న సుత్తితో తట్టాడు. ఆ తర్వాత చిత్రికని పక్కన పెట్టేసి, నేను తెచ్చిన చెక్కని చూడటం మొదలుపెట్టాడు. పక్కవైపు నుంచి చూశాడు, వేళ్ళతో రాశాడు, తిప్పి మళ్ళీ చూశాడు. నాకు ఎంతసేపూ పనిముట్టు మీదే ధ్యాస. ఆయన చెక్క మీద పెట్టినంత సమయం పనిముట్టు మీద పెట్టలేదు.

"కర్ర ఎటు వోతున్నదో చూసినవా? జొన్నాకు అంచు మీద చెయ్యి పెట్టు. ఒక దిక్కు మెత్తగ పోతది, ఇంకో దిక్కు కోస్తది. గిది గూడ అంతే."

చెక్కలో పోగులు పైకి లేస్తున్న దిక్కున తోస్తే అలుగు వాటిని పైనుంచి కోసుకుంటూ పోతుంది. ఎదురు తోస్తే, కోసే లోపలే అలుగు ముందున్న పోగు లేచి, మనం గీత పెట్టుకున్న చోటు కంటే లోతుగా విరుగుతుంది. నా చెక్క మీద గుంటలు అందుకే. పదును ఎంత ఉన్నా, దిక్కు తప్పైతే నున్నదనం రాదు, గాయమే. పైగా ఒకే పలకలో దిక్కు మారుతుంది. ముడి దగ్గర అటు నుంచి కొంత, ఇటు నుంచి కొంత తోయాలి.

కింద కూర్చుని, కాలి మడమతో చెక్కని అదిమి పట్టి, ఆయన నాలుగు తోపులు తోశాడు. సప్పుడు మారింది. పొట్టు కాగితం లాగా చుట్టలు చుట్టుకుని పడింది. పైభాగం అయ్యాక నేను పలకని తిరగేయబోతే ఆపాడు.

"అడుగు బాగం ఎవలు చూస్తరు? ఆడ రంద ఎందుకు? కర్ర పల్చగైతది, గంతే."

ఈలోపు పక్క వీధి నుంచి ఒకావిడ వచ్చింది. వానాకాలం కదా, దర్వాజ పట్టేస్తోందట, కొంచెం రంద పట్టమని. ఆయన వెంటనే లేస్తాడనుకున్నా. లేవలేదు. "వానలు తగ్గనియ్యమ్మా. ఇప్పుడు తీస్తే ఎండకాలం సందు వడ్తది" అన్నాడు. మరీ తెరుచుకోకపోతే, రాసుకుంటున్న చోటు మెరుస్తుందనీ, ఆ ఒక్క చోట కాగితమంత తీస్తాననీ చెప్పి పంపించాడు.

*

తిరిగొచ్చే బస్సులో నాకు ఒక కథ గుర్తొచ్చింది. అదీ దర్వాజ ఉన్న కథే.

మూడేళ్ళ కింద ఆ ప్రాంతం నుంచే ఒక కొత్త రచయిత తన మొదటి కథల రాతప్రతి మెయిల్లో పంపి, ఏమైనా చెప్పమన్నారు. నేను గీతలు పెట్టి, చివర ఒక వాక్యం రాశాను: మాండలికం ఈ కథల బలమే, కానీ వాక్యాల్ని చిత్రిక పట్టాల్సిన అవసరం ఉంది. సమతూకంగా రాశానని అప్పట్లో నాకు సంతోషం కూడా. కొన్నాళ్ళకి పుస్తకం వచ్చింది. దాంతోపాటు ఒక మెయిల్: మీరు చెప్పినట్టే భాష సవరించుకున్నాను సార్ అని. (ఈ సంగతులు ఆ రచయితని అడిగే రాస్తున్నాను. పేరు వద్దన్నారు.)

రాతప్రతిలో ఒక చోట ఇలా ఉంది: "ఇడువని వానకు దర్వాజ ఉబ్బి గూసున్నది. అవ్వ లోపట్నే."

పుస్తకంలో ఇలా అయింది: "ఎడతెరిపి లేని వానకు తలుపు బిగుసుకుపోయింది. అమ్మ లోపలే ఉండిపోయింది."

రెండోది తప్పు లేని తెలుగు. ఎక్కడా చేతికి గుచ్చుకోదు. కానీ ఏం పోయిందో చూడండి. "ఉబ్బి గూసున్నది" అన్నప్పుడు దర్వాజ ఒక మొండి మనిషి. అలిగి కూర్చున్న చుట్టం లాగా ఇంటికి అడ్డంగా కూర్చుంది. "బిగుసుకుపోయింది" అంటే అది ఉట్టి చెక్క. అంతకంటే పెద్ద నష్టం రెండో వాక్యంలో. "అవ్వ లోపట్నే" అన్న చోట క్రియ లేదు. ఆమె చిక్కుకుపోయిందా, కావాలనే తలుపు తీయట్లేదా, మనకి తెలియదు. బయట కొడుకులు ఇల్లు పంచుకోవడానికి నిలబడి ఉన్నారు. కథంతా ఆ తెలియకపోవడం మీదే నిలబడింది. "ఉండిపోయింది" అన్న ఒక్క మాట, పాఠకుడికి వదలాల్సిన తీర్పుని ముందే ఇచ్చేసింది. నేను గరుకు అనుకున్నది ఆ కర్ర పోగు. నేను ఎదురు తోశాను. విరిగింది నేను అనుకున్నదానికంటే లోతున.

ఇందులో ఇంకో సంగతి ఉంది. అదే కథలో తండ్రి స్వభావం గురించి ఒకటిన్నర పేజీ వివరణ ఉంది. తండ్రి చేసే పనుల్లో అప్పటికే కనిపించినదాన్ని రచయిత మళ్ళీ విడమరిచి చెప్తారు. చిత్రిక నిజంగా అక్కడ కావాలి. ఆ మాట నేను చెప్పలేదు. ఆ పేజీన్నర పుస్తకంలో అలాగే ఉంది, భాష మాత్రం నున్నబడింది. "వాక్యాల్ని చిత్రిక పట్టాలి" అనే మాటతో వచ్చే చిక్కు ఇదే. ఎక్కడ రాసుకుంటోందో చెప్పదు, ఎటు తోయాలో చెప్పదు, ఎంత తీయాలో చెప్పదు. వడ్లాయన దర్వాజ చూడకుండానే మొత్తం గీకేయమన్నట్టు. ఇలాంటి సలహా అందిన కొత్త రచయిత ఏం చేస్తారు? అన్నిటికంటే సులువుగా కనిపించేదాన్ని, అంటే తన ఊరి మాటని, చెరిపేస్తారు.

*

ఇంగ్లండ్‌లో డేవిడ్ పై అనే ఆయన 1968లో పనితనం గురించి ఒక పుస్తకం రాశారు. పనిని రెండు రకాలుగా విడదీస్తారు ఆయన. ఒకటి, చివరి నిమిషం దాకా చెడిపోయే ప్రమాదం ఉన్న పని. రెండోది, మొదలుపెట్టక ముందే ఫలితం ఖాయమైపోయిన పని, యంత్రం చేసేది. మొదటిదే గొప్పదని ఆయన అనరు, రెండూ కావాలి అంటారు. మా ఉద్యోగంలో రెండో రకానికి మంచి ఉదాహరణ ఉంది. ఫైల్ సేవ్ చేయగానే ఎవరి కోడ్‌నైనా ఒకే అచ్చులోకి సర్దేసే ఫార్మాటర్. ఎవరి కోడ్ ఎలా పోతోందో దానికి పట్టదు, పట్టక్కర్లేదు కూడా. నేను ఆ కథల మీద చేసింది ఫార్మాటర్ పని. పెట్టుకున్న పేరు మాత్రం వడ్రంగిది.

వృత్తుల మాటలంటే మనకి గౌరవం లేదని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి వ్యవసాయ వృత్తి పదకోశం 1962లోనే వచ్చింది. ఊరూరా తిరిగి, పనివాళ్ళ నోటి నుంచి మాటలు పోగుచేసిన పని అది. ఒకే పనిముట్టుకి ప్రాంతానికో పేరు ఉంటే ఒక్క పేరూ వదలకుండా రాసుకోవడం అందులోని పద్ధతి. మన విమర్శ ఆ పద్ధతి నేర్చుకోలేదు. పనివాడి దగ్గర నుంచి ఒక్క మాట తెచ్చుకుంది, పని అక్కడే వదిలేసి వచ్చింది.

చేతివృత్తులు పోతున్నాయన్న దుఃఖంతో ఈ వ్యాసాన్ని ముగించడం తేలిక. గోరటి వెంకన్న పల్లె పాట వినని తెలుగువాళ్ళు తక్కువ, అందులో వడ్రంగి బాడిస కూడా ఉంది. ఆ పాట నిజం, దానికి తిరుగులేదు. కానీ ఆ పాట విన్న చెవులతో ఖేడ్ వెళ్ళి, నేను వడ్లాయనలో ఆ దుఃఖాన్నే వెతికాను. అది కూడా మనిషిని ఎదురు తోయడమే. "రంద పని పోతున్నదని రంది లేదా కాకా?" అని అడిగితే ఆయన నవ్వాడు. మూలన కరెంటు రంద చూపించాడు. అది వచ్చాక నడుం నొప్పి పోయిందట. బరువు పనంతా దానిదే, ఆఖరి అంచులకి మాత్రం చేతి రంద.

"రంది రంద గురించి గాదు బిడ్డా. రెడీమేడ్ దర్వాజలు ఒస్తున్నయ్. వాటికి వానకు ఉబ్బుడు లేదు, నన్ను పిలుసుడు లేదు."

ఆయన బెంగ కళ గురించి కాదు, గిరాకీ గురించి. నేను రాసి ఉంటే, ఆ వాక్యాన్ని కూడా "అంతరిస్తున్న వృత్తి వేదన" అని నున్నగా చేసి ఉండేవాణ్ణి.

*

చిత్రిక అనే మాట వాడొద్దని నేను అనడం లేదు. వాడిన చోట, పొట్టు ఎక్కడ పడిందో కూడా చూపిద్దాం అంటున్నాను. ఒక రచనని నున్నగా ఉందని మెచ్చుకుంటే, నున్నదనం కోసం ఏం తీసేశారో అడుగుదాం. గరుకుగా ఉందని అంటే, ఆ గరుకు రంపం గుర్తా, కర్ర పోగా అని ముందు తేల్చుకుందాం. తేలకపోతే ఆవిడ దర్వాజ లాగా, వానలు తగ్గేదాకా ఆగడం కూడా విమర్శే.

ఆ రచయితకి పోయిన నెల ఉత్తరం రాశాను, పైన చెప్పిన రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి. జవాబు రెండు రోజులకి వచ్చింది. ఆ కథలన్నీ ఫోన్లో టైప్ చేసినవట, ఆ ఫోన్ పోయిందట. మొదటి ప్రతి తన దగ్గర లేదనీ, నా మెయిల్లో ఇంకా ఉంటే పంపమనీ అడిగారు.

ఉంది. ఆ రాత్రే తెరిచి, నేను పెట్టిన ఎర్ర గీతలన్నీ ఒక్కొక్కటిగా తీసేశాను. తండ్రి గురించిన పేజీన్నర దగ్గర మాత్రం గీత ఉంచి, ఎందుకు ఉంచానో పక్కన నాలుగు లైన్లు రాసి, పంపాను.